సినిమాల సంతలో మన మాట ఎక్కడ?



వార్షికోత్సవ సంచికలో మా పేజీ అంటే స్కాలర్‌షిప్పుల గురించో, మెస్ చార్జీల గురించో ఉంటుందని మీరు అనుకుని ఉంటారు. అవి రాయవలసినవే, ప్రతి ఏడూ రాస్తూనే ఉన్నాం. ఈసారి సినిమాల గురించి రాస్తున్నాం. కటౌట్లు కట్టి పాలు పోసే సినిమాల సంగతి కాదు. హీరో లేకుండా, పెద్ద బ్యానర్ లేకుండా, మనలాంటి వాళ్ల ఊళ్లలో, మన యాసలో తీసిన చిన్న సినిమాలు ఎక్కడ అమ్ముడుపోతాయి, ఎవరు కొంటారు, అక్కడికి మనం ఎందుకు చేరలేకపోతున్నాం అన్నదే మా ప్రశ్న.

పంట పండించడం ఒక ఎత్తు, దాన్ని యార్డుకు తోలుకెళ్లి అమ్ముకోవడం మరో ఎత్తు. గుంటూరు మిర్చి యార్డో, వరంగల్ ఎనుమాముల మార్కెట్టో చూసినవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. సరుకు మనది, ధర చెప్పేది ఎదుటివాడు. సినిమాకూ ఇలాంటి సంతలున్నాయి. ఫ్రాన్స్‌లో కాన్ చిత్రోత్సవం పక్కనే 1959 నుంచి సినిమా మార్కెట్ నడుస్తోంది. బెర్లిన్‌లో ఉంది, దక్షిణ కొరియాలోని బుసాన్‌లో ఉంది. మన దేశంలో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ 2007లో గోవాలో ఫిల్మ్ బజార్‌ను మొదలుపెట్టింది. అంతర్జాతీయ చిత్రోత్సవం జరిగే నవంబరు రోజుల్లోనే ఇదీ జరుగుతుంది. 2025లో దీని పేరు వేవ్స్ ఫిల్మ్ బజార్‌గా మారింది.

ఉత్సవానికి వచ్చేవాళ్లు సినిమా చూస్తారు. సంతకు వచ్చేవాళ్లు హక్కులు కొంటారు. ఒకే సినిమాకు థియేటర్ హక్కు వేరు, టీవీ హక్కు వేరు, ఓటీటీ హక్కు వేరు. అవన్నీ దేశాలవారీగా మళ్లీ ముక్కలవుతాయి. గోవా బజారులో కథ మాత్రమే చేతిలో ఉన్నవాళ్లు పెట్టుబడి కోసం వస్తారు. సగం పని అయినవాళ్లు సలహా కోసం, సాయం కోసం వస్తారు. పూర్తయినవాళ్లు తమ సినిమాను వ్యూయింగ్ రూమ్‌లో పెడతారు. అక్కడ వరసగా కంప్యూటర్లుంటాయి. చిత్రోత్సవాలకు సినిమాలు ఎంపిక చేసేవాళ్లు, అమ్మిపెట్టే ఏజెంట్లు, పంపిణీదారులు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని చూస్తారు. నచ్చకపోతే పది నిమిషాలకే ఆపేసి ఇంకోటి పెడతారు. మూడేళ్ల కష్టానికి పది నిమిషాల పరీక్ష!

అయినా ఈ సంత వల్ల మేలు జరగలేదని మేము అనడం లేదు. చైతన్య తమ్హానే మరాఠీలో తీసిన ‘కోర్ట్’ ఈ బజారు మీదుగా వెళ్లిన సినిమాయే. మురుగు కాలువలో చనిపోయిన కార్మికుడి కేసులో ఒక దళిత గాయకుణ్ణి బోనులో నిలబెట్టిన కథ అది. 2014లో వెనిస్‌లో బహుమతి గెలిచి, ఆ మరుసటి సంవత్సరం జాతీయ ఉత్తమ చిత్రమైంది. రామ్ రెడ్డి కన్నడంలో తీసిన ‘తిథి’లో నటులంతా మండ్య జిల్లా పల్లెటూరి జనమే. 2015లో స్విట్జర్లాండ్‌లోని లొకార్నోలో అవార్డులు తెచ్చుకుంది. అస్సామీ దర్శకురాలు రీమా దాస్ ఏ ఫిల్మ్ స్కూలుకూ పోలేదు. తన ఊళ్లోనే, ఆ ఊరి పిల్లలతోనే, కెమెరా తానే పట్టి, ఎడిటింగ్ తానే చేసి ‘విలేజ్ రాక్‌స్టార్స్’ తీసింది. 2018లో అది జాతీయ ఉత్తమ చిత్రం. పి.ఎస్. వినోద్‌రాజ్ చిన్నతనంలోనే బడి మానేసి కూలి పనులు చేసినవాడు. అతని తమిళ సినిమా ‘కూళాంగల్’ 2021లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో టైగర్ అవార్డు గెలిచింది. పక్క దేశాల సంగతీ ఇంతే. భూటాన్‌లో కరెంటు లేని కొండ ఊళ్లో, సోలార్ బ్యాటరీల మీద, జోంగ్‌ఖా భాషలో తీసిన ‘లునానా’ 2022లో ఆస్కార్ నామినేషన్ దాకా పోయింది. బంగ్లాదేశ్ నుంచి ‘రెహానా మరియం నూర్’ 2021లో, పాకిస్తాన్ నుంచి ‘జాయ్‌లాండ్’ 2022లో కాన్ చిత్రోత్సవానికి ఎంపికయ్యాయి.

ఈ పేర్లన్నీ చదివాక ‘ప్రతిభ ఉంటే చాలు, దారి దానంతట అదే దొరుకుతుంది’ అని ఎవరైనా అనవచ్చు. ఈ మాట మనకు కొత్తది కాదు. ‘కష్టపడి చదివితే ఎవరైనా పైకి రావచ్చు’ అని మనకు చెప్పే మాటకు ఇది తోబుట్టువు. పైకి వచ్చిన నలుగురిని చూపించి, ఆగిపోయిన నాలుగు వందల మందిని లెక్కలోంచి తీసేసే మాట ఇది.

ఆగిపోవడం ఎక్కడ జరుగుతుందో చూద్దాం. సంతలో నిలబడాలంటే ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టాలి. గోవాలో చిత్రోత్సవం రోజుల్లో గది అద్దె, తిండి, ప్రయాణం. సినిమాకు ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు రాయించాలి. థియేటర్లో వేసే డిజిటల్ కాపీ చేయించాలి. పోస్టర్, ట్రైలర్ ఉండాలి. ఇవన్నీ అయ్యాక అసలు కష్టం మొదలవుతుంది. పరాయివాడి ఎదుట కూర్చుని నాలుగైదు నిమిషాల్లో మన కథను ఇంగ్లీషులో చెప్పి ఒప్పించాలి. తెలుగు మీడియంలో చదివి, డిగ్రీలో ఇంగ్లీషు పేపరు దాటడానికి తంటాలు పడిన మాకు ఆ నాలుగు నిమిషాల బరువు తెలుసు. మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేము. పీజీ ఇంటర్వ్యూలలో విషయం తెలిసి కూడా మాట రాక లేచి వచ్చిన స్నేహితులు మా హాస్టల్లో ఎందరో ఉన్నారు. సినిమా సంతలోనూ ఓడేది ముందు కథ కాదు, నోరు.

సరే, ఎలాగో కొనేవాడు దొరికాడనుకుందాం. అమ్మిపెట్టే ఏజెంటు సాధారణంగా 15 నుంచి 30 శాతం దాకా కమీషన్ తీసుకుంటాడు. ప్రచారానికి, ప్రయాణాలకు అయిన ఖర్చు ముందే మినహాయించుకుంటాడు. మిగిలిందే తీసినవాడికి. కమీషను, హమాలీ, తరుగు పోను చేతికొచ్చే చీటీ చూసిన రైతు బిడ్డలకు ఈ లెక్క వింతగా ఉండదు.

ఇంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. పరాయి దేశంలో అమ్ముడైన సినిమా చాలాసార్లు సొంత ఊరికి తిరిగి రాదు. మన తెలుగులోనే చూడండి. రజనేష్ దోమాలపల్లి తీసిన ‘వనజ’ 2007లో బెర్లిన్‌లో ఉత్తమ తొలి చిత్రంగా అవార్డు పొందింది. ఫిల్మ్ బజార్ పుట్టిన సంవత్సరం కూడా అదే. జమీందారిణి ఇంట పనికి కుదిరి, కూచిపూడి నేర్చుకోవాలని ఆశపడిన బెస్తవారి పిల్ల కథ అది. వనజగా నటించిన మమత భూక్యాతో సహా చాలామంది అంతకు ముందు కెమెరా ముఖం చూడనివాళ్లు. అమెరికాలో ఆ సినిమా థియేటర్లలో ఆడింది. మా హాస్టల్లో గది గదికీ వెళ్లి అడిగాం. చూసినవాళ్లు లేరు సరికదా, పేరు విన్నవాళ్లు కూడా దొరకలేదు. బి. నర్సింగరావు ‘దాసి’ 1988లో వచ్చింది. దొరల గడీలో ఆడబాపగా బతికిన పిల్ల కథ. అర్చనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. అది కూడా మా తరానికి పోటీ పరీక్షల బిట్టుగానే తెలుసు. మన అమ్మమ్మల బతుకు మనకు ఒక మార్కు ప్రశ్న అయిపోయింది!

ఈ దారిలో వెలుగు లేకపోలేదు. 2018లో వెంకటేశ్ మహా తీసిన ‘కేరాఫ్ కంచరపాలెం’లో విశాఖపట్నంలోని ఆ పేట జనమే నటించారు. ఆ సినిమాను సురేష్ ప్రొడక్షన్స్ తరఫున రానా దగ్గుబాటి తీసుకుని విడుదల చేయడంతో అది మన ఊళ్లకు చేరింది. ఆయన సంస్థ స్పిరిట్ మీడియాయే 2024లో పాయల్ కపాడియా తీసిన ‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’ను, 2025 సెప్టెంబరులో రోహన్ కనావడే మరాఠీ సినిమా ‘సాబర్ బొండ’ను దేశంలో విడుదల చేసింది. రోహన్ ఒక డ్రైవరు కొడుకు, ముంబై మురికివాడలో పెరిగినవాడు. 2025 జనవరిలో అమెరికాలోని సన్‌డాన్స్ ఉత్సవంలో అతని సినిమా తన విభాగంలో పెద్ద బహుమతి గెలిచింది. మరాఠీ, మలయాళ సినిమాలను తెలుగువాడు కొని జనానికి చూపించడం మనకు గర్వకారణమే. ఆ వరసలో తెలుగు హాస్టల్ పిల్లల సినిమా ఎప్పుడు నిలబడుతుందన్నదే మా ఆరాటం.

‘జనం చూడని సినిమాలకు సర్కారు సొమ్ము ఎందుకు?’ అని ఒక వాదన ఉంది. జనానికి చూపించిందెప్పుడు? మన దగ్గర చిన్న సినిమాకు థియేటర్ కావాలంటే వారం అద్దె ముందు కట్టాలి. డిజిటల్ ప్రదర్శన ఫీజు వేరే. పండగ వారాల్లో అద్దె కడతామన్నా థియేటర్ దొరకదు. కరోనా కాలంలో ఓటీటీలు చిన్న సినిమాలను బాగానే కొన్నాయి. ‘సినిమా బండి’ 2021లో అలాగే నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చి ఇంటింటికీ చేరింది. ఆ తర్వాత ఆ తలుపులూ ఇరుకయ్యాయి. పేరున్న నటుడు ఉన్నాడా, థియేటర్లో ఆడిందా అని అడగడం మొదలైంది. ముందు వడ్డించి, ఆ తర్వాత ఆకలి లేదనాలి గానీ వడ్డించకుండానే ఆకలి లేదనడం ఏం న్యాయం?

కేరళను చూడండి. అక్కడి ప్రభుత్వ చలనచిత్రాభివృద్ధి సంస్థ మహిళా దర్శకులకు, ఎస్సీ, ఎస్టీ దర్శకులకు ఒక్కో సినిమాకు కోటిన్నర దాకా ఇస్తోంది. 2024 మార్చిలో ‘సీ స్పేస్’ పేరుతో సొంత ఓటీటీ కూడా పెట్టి 75 రూపాయలకు ఒక సినిమా చూపించడం మొదలుపెట్టింది. 2025 ఆగస్టులో తిరువనంతపురం సదస్సులో ప్రసిద్ధ దర్శకుడు అదూర్ గోపాలకృష్ణన్ ఈ పథకాన్ని విమర్శించారు. ఎస్సీ, ఎస్టీలకు డబ్బిచ్చే ముందు కనీసం మూడు నెలల శిక్షణ ఇవ్వాలని, కోటిన్నర ఒక్కరికే కాకుండా 50 లక్షల చొప్పున ముగ్గురికి పంచాలని అన్నారు. దాని మీద పెద్ద దుమారమే లేచింది. ఆయన సినిమాల మీద మాకు గౌరవం ఉంది. శిక్షణ మంచిదే, అందరికీ ఇవ్వండి. కానీ కోట్లు పోసి తీసి బోల్తాపడుతున్న సినిమాల నిర్మాతల వారసులను ‘ముందు మూడు నెలలు నేర్చుకుని రా’ అని ఎవరూ అడగడం లేదు కదా! అర్హత ప్రశ్న మన దగ్గరికి వచ్చినప్పుడే ఎందుకు పుడుతుంది? సీట్ల విషయంలో విన్న మాటే సినిమా విషయంలోనూ వింటున్నాం.

మెస్‌లో పప్పు నీళ్లగా ఉంటే అడగవలసినవాళ్లు సినిమాల గొడవ ఎందుకు ఎత్తుకున్నారని మీలో కొందరు అనవచ్చు. రెండూ ఒకటే గొడవ అంటాం మేము. ఏళ్ల తరబడి మన సినిమాల్లో తెలంగాణ యాస విలన్‌కో, కమెడియన్‌కో దక్కింది. ఉత్తరాంధ్ర మాట నవ్వుకోవడానికి పనికొచ్చింది. మన పేటల జనం పాలేరుగానో, హీరో దయకు దండం పెట్టే గుంపుగానో కనిపించారు. తెర మీద మనిషిగా కనపడనివాడు ఆఫీసులో ఫైలు మీద కూడా మనిషిగా కనపడడు. మన కథ మన నోటితో చెప్పే హక్కు, కడుపునిండా తినే హక్కు ఒకే గౌరవం నుంచి పుడతాయి.

అందుకే మా కోరికలు స్పష్టంగా చెబుతున్నాం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చలనచిత్రాభివృద్ధి సంస్థలున్నాయి. తెలంగాణలో 2025 జూన్‌లో గద్దర్ పేరిట సినిమా అవార్డులు ఇచ్చారు, సంతోషం. అయితే అవార్డు సినిమా తీశాక వచ్చేది. మా వాళ్లకు సాయం కావలసింది తీయక ముందు. కాబట్టి మొదటి సినిమా తీసే ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ యువతకు కేరళ మాదిరిగా నిధి పెట్టాలి. ఏటా కొన్ని చిన్న తెలుగు సినిమాలను ఎంపిక చేసి సబ్‌టైటిళ్లు, రిజిస్ట్రేషన్, ప్రయాణం ఖర్చులు ప్రభుత్వమే భరించి గోవా బజారుకు పంపాలి. ఇంగ్లీషు రానివాళ్లకు పక్కన దుబాసీని కూర్చోబెట్టాలి. సర్కారు సొమ్ముతో తీసిన సినిమా తిరిగి సర్కారు బడుల్లో, హాస్టళ్లలో ఆడి తీరాలన్న షరతు పెట్టాలి.

అన్నీ ప్రభుత్వమే చేయాలని కూర్చుంటే కాలం గడిచిపోతుంది. మన చేతిలో ఉన్నదీ ఒకటుంది. 1986లో మలయాళ దర్శకుడు జాన్ అబ్రహాం, ఆయన ఒడెస్సా బృందం ఊరూరా తిరిగి జనం దగ్గర చందాలు పోగుచేసి ‘అమ్మ అరియాన్’ తీశారు. కొనేవాడి కోసం వాళ్లు ఏ సంతకూ పోలేదు, జనాన్నే కొనేవాళ్లుగా చేసుకున్నారు. మన సాంఘిక సంక్షేమ హాస్టళ్లు రెండు రాష్ట్రాల్లోనూ జిల్లా జిల్లాకూ ఉన్నాయి. గోడకు ఒక తెల్ల దుప్పటి, అద్దెకు ఒక ప్రొజెక్టర్ చాలు. నూరు మంది ఉన్న హాస్టల్లో తలా 10 రూపాయలు వేసుకుంటే వెయ్యి రూపాయలు. నూరు హాస్టళ్లు కలిస్తే లక్ష. ఒక చిన్న సినిమా తీసినవాడికి ఆ లక్ష తక్కువేమీ కాదు. డబ్బుకంటే మించి, పది వేల మంది మనవాళ్లు ఆ సినిమా చూస్తారు. దర్శకుణ్ణి పిలిపించి ప్రశ్నలు అడుగుతారు. వాళ్లలో ఒకరికైనా ‘ఇది నేనూ తీయగలను’ అనిపిస్తుంది.

వచ్చే విద్యా సంవత్సరం నెలకో సినిమా చొప్పున మన హాస్టల్లోనే మొదలుపెడదాం. దర్శకుల అనుమతి తీసుకుని, టికెట్ డబ్బులు లెక్కగా వాళ్లకే పంపుదాం. మొదటి సినిమా ‘వనజ’ అయితే బాగుంటుందని మా ప్రతిపాదన. పేర్లు ఇవ్వదలచినవాళ్లు సాంస్కృతిక కమిటీకి ఇవ్వండి. తలా పది రూపాయలు సిద్ధంగా ఉంచుకోండి.