పిల్లల వార్డులో 'తల్లి ఉందిగా' అంటే సరిపోదు

ఆసుపత్రుల్లో స్త్రీల హక్కుల గురించి మాట్లాడేటప్పుడు మనకు వెంటనే గుర్తొచ్చేవి కాన్పుల వార్డులో తిట్లు, సమ్మతి అడగకుండా చేసే ఆపరేషన్లు, బయట కొనుక్కురమ్మనే మందులు. పిల్లల వార్డు ఈ చర్చలోకి అరుదుగా వస్తుంది. అక్కడ మంచం మీద ఉండేది పిల్లలే అయినా, మంచం పక్కన పగలూ రాత్రీ ఉండేది ఎక్కువగా స్త్రీలే. జబ్బుపడ్డ పిల్లకు వైద్యం చేయడానికి డాక్టరున్నారు, సూది వేయడానికి నర్సు ఉంది. తన ఒంటికి ఏం జరుగుతోందో ఆ పిల్లకు అర్థమయ్యేలా చెప్పడానికి ఎవరున్నారు? దేనికి భయపడుతోందో కనుక్కోవడానికి ఎవరున్నారు? ఇల్లూ బడీ వదిలి నెలల తరబడి ఆసుపత్రిలో ఉండే పిల్లకు ఆటపాటలు పూర్తిగా దూరం కాకుండా చూసేదెవరు? ఈ ప్రశ్నలు ఎక్కడ వేసినా వచ్చే జవాబు ఒక్కటే – 'తల్లి ఉందిగా!'

మాతృత్వాన్ని గౌరవించినట్టు వినిపించే ఈ మాట వెనక ఒక లెక్క ఉంది. శిక్షణ ఇచ్చి, జీతమిచ్చి నియమించాల్సిన మనుషుల పనిని తల్లి చేత ఉచితంగా చేయించుకోవడమే ఆ లెక్క. ఆ పని సరిగా జరగకపోతే నింద కూడా ఆమె మీదే వేయవచ్చు.

కుటుంబం, ఆరోగ్యం అనే అంశాల మీద నా పరిశోధనలో భాగంగా ప్రభుత్వ ఆసుపత్రుల పిల్లల వార్డుల్లో తల్లులతో చాలా రోజులు గడిపాను. వాళ్ల రోజు తెల్లవారకముందే నీళ్ల పంపు దగ్గర మొదలవుతుంది. పిల్ల బట్టలు మార్చడం, రక్తం నమూనా లాబుకు తీసుకెళ్లి ఇవ్వడం, రిపోర్టు కోసం కిటికీ దగ్గర నిలబడడం, సెలైన్ అయిపోతుంటే సిస్టరుకు చెప్పడం, రాత్రి మంచం కింద చాప పరుచుకుని పడుకోవడం. మధ్యలో ఊరి నుంచి ఫోను వస్తుంది – ఇంటి దగ్గరున్న చిన్నవాడికి జ్వరమనో, వంట చేసేవాళ్లు లేరనో. వీటన్నిటి మధ్య పిల్లకు ధైర్యం చెప్పడం కూడా ఆమె పనే. 'డాక్టరుగారు చెప్పింది నాకే అర్థం కాలేదు మేడమ్, ఇంక దానికేం చెప్పను?' అని ఒక తల్లి నన్నడిగింది. ఆ మాటలో అజ్ఞానం లేదు. ఆసుపత్రి తనకు అప్పగించిన పని ఏమిటో ఆమెకు స్పష్టంగా తెలుసు. ఆ పనికి కావలసిన సమాచారం మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

ఇంకా దారుణమైన పని ఒకటుంది. నరం దొరక్క మళ్లీ మళ్లీ సూది గుచ్చుతున్నప్పుడు పిల్ల కాళ్లూ చేతులూ కదలకుండా అదిమి పట్టుకోమని తల్లికే చెబుతారు. ఆ గదిలో పిల్ల నమ్మే ఒకే ఒక్క మనిషి ఆమె. నొప్పి పెట్టేవాళ్లకు సాయం చేసే మనిషిగా ఆమెనే నిలబెడతారు. రోజంతా ఇది చేసిన స్త్రీ కూలి ఎంత పోయిందో ఏ కేస్ షీటులోనూ ఉండదు. కేంద్ర ప్రభుత్వంలో పనిచేసే మహిళలకు 2008 నుంచి పిల్లల సంరక్షణ సెలవు ఉంది, సర్వీసు మొత్తంలో 730 రోజులు. పొలం పనికీ ఇళ్లలో పనికీ పోయే తల్లికి అలాంటి సెలవు అన్న మాటే లేదు. పిల్లతో వార్డులో ఉన్న ప్రతి రోజూ ఆమెకు అప్పు పెరిగే రోజే.

ఇతర దేశాల్లో ఈ సమస్య ఎలా ముందుకొచ్చిందో తెలుసుకోవడం మనకు ఉపయోగం. ఇంగ్లండులో 1950లలో చాలా ఆసుపత్రులు తల్లిదండ్రులను నిర్ణీత సమయాల్లో మాత్రమే లోపలికి రానిచ్చేవి. తల్లి వచ్చి వెళితే పిల్లలు ఏడుస్తారనీ, రాకపోతే 'సర్దుకుంటారనీ' వాదించేవారు. జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో ఆసుపత్రిలో చేరిన రెండేళ్ల పాప మీద ఒక చిత్రం తీశాడు. సర్దుకోవడంగా కనిపిస్తున్నది నిజానికి నిరాశ అని ఆ చిత్రమూ, జాయిస్ రాబర్ట్‌సన్‌తో కలిసి ఆయన చేసిన పనీ చూపించాయి. పిల్లలు మొదట గట్టిగా ఏడుస్తారు, తర్వాత నీరసపడి ముడుచుకుపోతారు, చివరికి తల్లి వచ్చినా పట్టనట్టు ఉంటారు. 1959లో ప్లాట్ కమిటీ నివేదిక తల్లిదండ్రులను ఎప్పుడైనా రానివ్వాలని, చిన్నపిల్లల తల్లులు ఆసుపత్రిలోనే ఉండే ఏర్పాటు చేయాలని సిఫార్సు చేసింది. నివేదిక కాగితాల మీదే మిగిలిపోకుండా 1961లో లండన్‌లోని బాటర్సీలో కొందరు తల్లులు సంఘం పెట్టి ఆసుపత్రుల మీద ఒత్తిడి తెచ్చారు.

అమెరికాలో దీనికి వృత్తి రూపం వచ్చింది. వియన్నాలో పుట్టి మాంటిసోరి పద్ధతిలో శిక్షణ పొందిన ఎమ్మా ప్లాంక్ 1955లో క్లీవ్‌లాండ్ సిటీ ఆసుపత్రిలో పిల్లల కోసం ఆట, చదువు, మాట కలిసిన ఒక విభాగాన్ని ప్రారంభించింది. ఇలాంటి ప్రయత్నాల నుంచే 'చైల్డ్ లైఫ్' అనే వృత్తి రూపుదిద్దుకుంది. న్యూయార్క్‌లోని బ్యాంక్ స్ట్రీట్ కాలేజీ, కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ లాంటి చోట్ల పోస్టు గ్రాడ్యుయేట్ కోర్సులు వచ్చాయి. పిల్లల ఎదుగుదల, ఆట, కుటుంబ వ్యవస్థ, మరణం, దుఃఖం వంటి విషయాలు చదవాలి. అనుభవమున్నవాళ్ల పర్యవేక్షణలో వార్డులో 600 గంటలు పనిచేయాలి. ఆ తర్వాత పరీక్ష రాయాలి. ఆటబొమ్మలు పంచడానికి ఇంత చదువెందుకని అక్కడా ఎగతాళి చేసినవాళ్లున్నారు. ఈ వృత్తిలో అత్యధికులు స్త్రీలు కావడం ఆ ఎగతాళికి ఒక కారణం.

ఈ నమూనాను యథాతథంగా తెచ్చుకోవాలని నేననడం లేదు. అక్కడ తల్లిని బయట నిలబెట్టారు కాబట్టి ఆమెను లోపలికి తీసుకురావడం కోసం పోరాటం జరిగింది. మన దగ్గర తల్లి ఎప్పుడూ లోపలే ఉంది. ఆమె లేకపోతే వార్డు ఒక్కరోజు కూడా నడవదు. అయినా ఆమెకు కుర్చీ లేదు, మరుగుదొడ్డి సరిగా లేదు, తన పిల్ల జబ్బు గురించి ప్రశ్న అడిగే చనువు లేదు. డాక్టర్ల రౌండ్స్ వేళకు ఆమెను బయటికి పంపేస్తారు. పిల్ల గురించి అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషి, పిల్ల గురించి నిర్ణయం జరిగే సమయానికి వరండాలో ఉంటుంది. కనుక మన పోరాటం తల్లిని లోపలికి రానివ్వమని కాదు. లోపల ఉన్న ఆమెను మనిషిగా, హక్కులున్న పౌరురాలిగా గుర్తించమని.

ఇక పిల్లల సంగతి. మన ఇళ్లలో డాక్టరు అనే మాటను పిల్లలు మొదట బెదిరింపుగానే వింటారు. 'అల్లరి చేశావంటే డాక్టరు చేత సూది వేయిస్తా' అంటాం. తీరా సూది వేసేటప్పుడు 'ఏం కాదు, చీమ కుట్టినట్టుంటుంది' అని అబద్ధం చెబుతాం. అబ్బాయైతే 'మగపిల్లాడివి, ఏడుస్తావా' అంటాం, అమ్మాయైతే నోరెత్తకుండా పడి ఉంటే 'బంగారు తల్లి' అని మెచ్చుకుంటాం. నొప్పిని దాచుకోవడం మగతనమనీ, నొప్పిని భరించడం ఆడతనమనీ పిల్లలు నేర్చుకునే చోట్లలో ఆసుపత్రి మంచం ఒకటి. చిన్నపిల్లలు చాలామంది తమ జబ్బును తాము చేసిన తప్పుకు శిక్ష అనుకుంటారు. రక్తం తీస్తుంటే ఒంట్లో ఉన్నదంతా అయిపోతుందేమోనని హడలిపోతారు. ఇవి అడిగితే తప్ప బయటికి రావు, అడగడం కూడా తెలిసి చేయాల్సిన పని. శిక్షణ పొందిన మనిషి బొమ్మకు ఉత్తుత్తి సూది వేయించి, ఆ ఆటలో పిల్ల భయమేమిటో కనిపెడుతుంది. నొప్పి ఉంటుందనీ, ఎంతసేపుంటుందో కూడా నిజం చెబుతుంది. పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి అదమడానికి బదులు తల్లి ఒళ్లో కూర్చోబెట్టుకుని కావలించుకునేలా చేస్తుంది. తల్లి అదిమే మనిషి కానక్కర్లేదు, ఆసరాగానే ఉండవచ్చు. దీనికి కావలసింది ఖరీదైన యంత్రం కాదు, తెలిసిన మనిషి.

అసలు ఆసుపత్రి దాకా రాని ఆడపిల్లల గురించి కూడా ఇక్కడే మాట్లాడాలి. ఢిల్లీలోని ఎయిమ్స్‌లో 2016లో ఓ.పి.కి వచ్చినవాళ్ల వివరాలను విశ్లేషించి 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పద్దెనిమిదేళ్లలోపు వాళ్లలో ఆడపిల్లలకు దాదాపు రెట్టింపు సంఖ్యలో మగపిల్లలున్నారు. దూరం పెరిగేకొద్దీ వచ్చే ఆడవాళ్ల సంఖ్య తగ్గింది. పిల్లల్లో వచ్చే లుకేమియాకు వైద్యం రెండు మూడేళ్లు నడుస్తుంది. తలసేమియా ఉన్న పిల్లకు కొన్ని వారాలకోసారి జీవితాంతం రక్తం ఎక్కించాలి. అన్నేళ్లు ఎవరి కోసం అప్పు చేయాలి, ఎవరిని మధ్యలో ఇంటికి తీసుకుపోవాలి అన్న నిర్ణయం కుటుంబంలో లింగ వివక్ష ప్రకారమే జరిగే ప్రమాదముంది. ఆ నిర్ణయం తల్లి చేతిలో ఉండేది తక్కువ. రావలసిన రోజున ఆడపిల్ల రాకపోతే ఎందుకు రాలేదని కనుక్కుని, తండ్రితో, తాతతో మాట్లాడే మనిషి వార్డులో ఉంటే కొన్ని ప్రాణాలు నిలుస్తాయి. అందుకే ఈ శిక్షణ ఆటపాటల వ్యవహారం కాదు, హక్కుల వ్యవహారం.

మన దగ్గర పునాది లేదనడానికి వీల్లేదు. సోషల్ వర్క్‌లో పోస్టు గ్రాడ్యుయేట్ శిక్షణ 1936లో బొంబాయిలో టాటా సంస్థతో మొదలైంది. 1946లో అక్కడి జె.జె. ఆసుపత్రిలో మెడికల్ సోషల్ వర్కర్‌ను నియమించారు. దాదాపు ఎనభై ఏళ్ల తర్వాత కూడా మన జిల్లా ఆసుపత్రుల పిల్లల వార్డుల్లో అలాంటి మనిషి కనిపించడం అరుదు. ఉన్నచోట కూడా కార్డులు, సర్టిఫికెట్లు, విరాళాల ఫారాలతో వాళ్ల రోజు గడిచిపోతుంది. అనుబంధ వైద్య వృత్తుల కోసం 2021లో పార్లమెంటు చేసిన చట్టం మెడికల్ సోషల్ వర్కర్లను ఆ వృత్తుల జాబితాలో చేర్చింది. కానీ చట్టంలో పేరుండడం వేరు, వార్డులో పోస్టుండడం వేరు.

ఎం.ఎస్.డబ్ల్యు. చదివిన అమ్మాయిలు ఏటా మన విశ్వవిద్యాలయాల నుంచి బయటికి వస్తున్నారు. తిరుపతిలో మహిళా విశ్వవిద్యాలయమూ రుయా ఆసుపత్రీ ఒకే ఊళ్లో ఉన్నాయి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, కింగ్ జార్జి ఆసుపత్రి. హైదరాబాదులో ఉస్మానియా, నీలోఫర్ ఉన్నాయి. పిల్లల ఆసుపత్రి పనిని ప్రత్యేక విభాగంగా పెట్టి, ఒక పూర్తి సంవత్సరం వార్డులో పర్యవేక్షణతో పనిచేయించే కోర్సును ఈ మూడు ఊళ్లలో ప్రారంభించడం అసాధ్యమేమీ కాదు. అయితే ఆ కోర్సులో ఏముండాలన్నది ముఖ్యం. పిల్లల మనస్తత్వం ఒక్కటే చెబితే మళ్లీ తల్లికి 'మంచి తల్లిగా ఎలా ఉండాలి' అని ఉపన్యాసమిచ్చే మరో అధికారిణి తయారవుతుంది. కులం, వర్గం, భాష ఆసుపత్రిలో ఎలా పనిచేస్తాయో అందులో ఉండాలి. గోండీ, కోయ మాట్లాడే తల్లికి, ఉర్దూ మాట్లాడే తల్లికి ఆమె భాషలో చెప్పడం ఎలాగో ఉండాలి. తండ్రిని కూడా మంచం పక్కన కూర్చోబెట్టడం, సంరక్షణ తల్లి ఒక్కదాని బాధ్యత కాదని కుటుంబానికి చెప్పడం ఉండాలి. బిడ్డ చనిపోయినప్పుడు శవాన్ని త్వరగా తీసుకుపొమ్మనడం తప్ప మరేమీ తెలియని వ్యవస్థలో, ఆ తల్లి పక్కన కాసేపు కూర్చోవడం కూడా పాఠంలో భాగం కావాలి.

డాక్టర్లూ నర్సులూ చాలనప్పుడు ఇదొక విలాసం కాదా అని అడుగుతారు. నర్సులు చాలరన్నది నిజం, ఆ పోస్టులు నింపమనే డిమాండును మనం వదలకూడదు. కానీ అర్థం కాక, భయపడి, డబ్బు లేక కుటుంబాలు వైద్యం మధ్యలో మానేస్తే అప్పటిదాకా పెట్టిన ఖర్చూ డాక్టర్ల శ్రమా వృథా కావా? స్త్రీవాదుల నుంచే వచ్చే మరో సందేహం ఉంది. ఓర్పూ ప్రేమా స్త్రీ సహజ గుణాలని చెప్పి, తక్కువ జీతానికి ఆడవాళ్లతో నింపే మరో ఉద్యోగాన్ని మనమే అడుగుతున్నామా? ఈ సందేహాన్ని కొట్టిపారేయలేం. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలను గౌరవ వేతనం పేరుతో ఎలా పనిచేయిస్తున్నారో చూస్తూనే ఉన్నాం. అందుకే శిక్షణనూ పోస్టునూ విడివిడిగా అడగకూడదు. డిగ్రీ, రెగ్యులర్ నియామకం, స్కేలు జీతం, ఈ చదువులో మగ విద్యార్థులకూ చోటు – ఇవన్నీ ఒకే డిమాండులో భాగాలు.

బాలల హక్కుల ఒడంబడికను మన దేశం 1992లో అంగీకరించింది. పిల్లల ఆరోగ్య హక్కు, తనకు సంబంధించిన విషయాల్లో తన అభిప్రాయం చెప్పే హక్కు, ఆడుకునే హక్కు అందులో ఉన్నాయి. ఆసుపత్రి గేటు దాటగానే ఆ హక్కులు రద్దయిపోతాయని ఎక్కడా రాసి లేదు. ప్రతి బోధనాసుపత్రి పిల్లల వార్డులో శిక్షణ పొందిన సహాయకురాలో సహాయకుడో ఉండాలి. తోడున్నవాళ్లకు పడుకునే చోటు, స్నానానికి నీళ్లు, తిండి, పోయిన కూలికి భత్యం ఇవ్వాలి. రౌండ్స్‌లో తల్లిని బయటికి పంపడం మానాలి. మహిళా సంఘాలు తమ జిల్లా ఆసుపత్రి అభివృద్ధి కమిటీ ముందు ఈ కోరికలు పెట్టాలి, సోషల్ వర్క్ శాఖలతో కలిసి పనిచేయాలి. 'తల్లి ఉందిగా' అని ఎవరైనా అన్నప్పుడు, ఉంది సరే, ఆమెకు ఎవరున్నారని మనం అడగాలి.