వోటును, పన్నును, వైద్యమును

సూర్యాపేట జిల్లా అనంతగిరి మండలమున నొక రైతు యింట అర్ధరాత్రివేళ నొకరికి గుండెనొప్పి వచ్చినదనుకొందము. కోదాడకు బోవలెనా, సూర్యాపేటకా, ఖమ్మమునకా యని యింటివారు తర్జనభర్జనలు పడుదురు. ఆ వేళ వారికి వోటు జ్ఞప్తికి రాదు. కాని యచ్చట దొరకు చికిత్సయు, దానికగు వ్యయమును ఎన్నికలనాడే చాలవఱకు నిర్ణయమై యున్నవి.

దృష్టాంతమునకై దూరము పోనక్కఱలేదు. ఆరోగ్యశ్రీ పథకమును 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున రాజశేఖరరెడ్డిగారి ప్రభుత్వము ప్రారంభించినది. 2023 నవంబరు 30వ తేదీన తెలంగాణ ప్రజలు వోటు వేసిరి. డిసెంబరు 7న రేవంత్ రెడ్డిగారి ప్రభుత్వ మేర్పడెను. 9వ తేదీననే, కుటుంబమునకు 5 లక్షల రూపాయలుగా నున్న చికిత్సా పరిమితి 10 లక్షలయ్యెను. కాని కథ యచ్చటితో ముగియలేదు. బకాయిలు చెల్లలేదని 2025 సెప్టెంబరునందు పథకమున జేరిన ప్రయివేటు ఆసుపత్రులవారు సేవలు నిలిపివేసి, ప్రభుత్వముతో మాటలు జరిగిన పిదప మరల సాగించిరి. పరిమితిని బెంచుటకు ఉత్తరువు చాలును. బిల్లు చెల్లించుటకు ఖజానాలో రొక్కము వలయును. ఆ రొక్కము పన్నులవలన రావలసినదే.

"మేము పన్ను కట్టువారము కాము" అని మన రైతులలో బెక్కురు తలంతురు. వ్యవసాయపు రాబడిపై ఆదాయపు పన్ను లేదనుట నిజమే. కాని ట్రాక్టరులో బోయు డీజిలుపై రాష్ట్రపు పన్ను కలదు. అమ్ముడగు ప్రతి మద్యపు సీసాలోను ఖజానాకు పాలున్నది. సబ్బుపైనను, సిమెంటుపైనను జి.ఎస్.టి. కలదు. ఆ పన్ను రేట్లను దేల్చు మండలిలో వోటుబలము కేంద్రమునకు మూడింట నొక వంతు, రాష్ట్రములకు రెండు వంతులు. ఏ నిర్ణయమునకైనను నాలుగింట మూడు వంతుల బలము వలయును. వ్యక్తిగతమైన ఆరోగ్య బీమాపై నూటికి 18 చొప్పున నున్న పన్ను 2025 సెప్టెంబరు 22 నుండి తొలగుట ఆ మండలి నిర్ణయమే. అందు గూర్చుండు మంత్రులను బంపినది మన వోటే.

పూర్వానుభవమును జూడుడు. 1937 ఎన్నికలలో గెలిచిన మద్రాసు రాజాజీ మంత్రివర్గము సేలమునందు మద్యనిషేధము నారంభించి, మఱుసటి యేట చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించెను. పోవు రాబడిని బూడ్చుటకై 1939లో అమ్మకపు పన్ను శాసనము చేసెను. ఆనాడు నైజాము క్రిందనున్న యీ ప్రాంతపు రైతునకు శిస్తు చెల్లించుటయే గాని సార్వజనికమైన వోటు లేదు. అది 1952లో చేతికి రాగానే, నల్లగొండవారు రావి నారాయణరెడ్డిగారిని దేశమునందెల్ల నధికమైన వోట్లతో లోకసభకు బంపిరి.

తరువాతి కథ వేఱు. సారా వ్యతిరేకోద్యమము నడపిన స్త్రీల యండతో 1994లో గెలిచిన రామారావుగారు, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము విధించిరి. రాబడి తఱుగుదల, దొంగసారా కారణములుగా 1997లో చంద్రబాబునాయుడుగారి ప్రభుత్వము దానిని సడలించెను. వాగ్దానమునకు వోటు దొరకినది. దానిని నిలువబెట్టు ఖజానా దొరకలేదు.

కావున అభ్యర్థి మన వాకిటికి వచ్చినప్పుడు "ఏమిత్తువు?" అని మాత్రమే యడుగుట చాలదు. "ఎవరివద్ద దెత్తువు? ఆసుపత్రికి ఎన్నాళ్లకు జెల్లింతువు?" అనియు నడుగవలయును. ఆస్తిగలవారు తమలో దామును ఒక ప్రశ్న వేసికొనవలెను. కూలివాని సీసాపై వచ్చు రాబడితో వాని చికిత్స నడుపుట యెంతవఱకు న్యాయము? ఒక చేత ద్రాగించి రెండవచేత మందు పోయుట పాలన యనిపించుకొనదు. కలవారు తమ పాలు పన్ను ధైర్యముగా నొప్పుకొనిననాడే ఆరోగ్యశ్రీ కార్డునకు విలువ. లేనిచో అర్ధరాత్రివేళ అనంతగిరినుండి బయలుదేఱిన బండి ఆసుపత్రి ద్వారముకడనే నిలిచిపోవును.