2023 జాబితాలో ప్రపంచ టాప్ 20లో విశాఖ పోర్టు.. మరి వరంగల్ మిర్చికి కలిసొచ్చేదెంత?

వరంగల్‌కు సముద్రం లేదు. కానీ ఎనుమాముల మార్కెట్‌లో ఎగుమతి కోసం మిర్చి కొనే వ్యాపారికి మాత్రం ఓడరేవుతో పని తప్పదు. తెలంగాణ సరుకు ఓడ ఎక్కాలంటే పక్క రాష్ట్రాల పోర్టులకు వెళ్లాల్సిందే. అక్కడ జరిగే ఆలస్యం ఖర్చు చివరికి ఇక్కడి రేటు మీదే పడుతుంది. అందుకే పోర్టుల ర్యాంకులు ఓరుగల్లుకూ సంబంధించిన విషయమే.

ర్యాంకు ఎలా వచ్చింది?

ప్రపంచ బ్యాంకు, ఎస్ అండ్ పీ గ్లోబల్ మార్కెట్ ఇంటెలిజెన్స్ కలిసి కంటైనర్ పోర్టుల పనితీరు సూచీని తయారు చేస్తాయి. 2023కి సంబంధించిన జాబితా 2024 జూన్‌లో వచ్చింది. మొత్తం 405 పోర్టుల్లో చైనాలోని యాంగ్‌షాన్ ఫస్ట్ ప్లేస్‌లో ఉంది. అంతకుముందు ఏడాది 115వ స్థానంలో ఉన్న విశాఖ ఏకంగా టాప్ 20లోకి ఎగబాకింది. ముంద్రా 27, కృష్ణపట్నం 71, చెన్నై 80 దగ్గర ఆగిపోయాయి. దేశంలోనే పెద్ద కంటైనర్ పోర్టుల్లో ఒకటైన ముంబై దగ్గరి జేఎన్‌పీఏ 96వ స్థానంలో ఉంది. అంటే ఇక్కడ లెక్క సైజుది కాదు, స్పీడుది.

ఓడ పోర్టు పరిధిలోకి వచ్చినప్పటి నుంచి పని ముగించుకుని బయలుదేరే వరకు ఎంత టైమ్ పట్టిందన్నదే ఈ సూచీకి ఆధారం. కేంద్రం చెప్పిన లెక్కల ప్రకారం విశాఖలో ఒక్కో క్రేన్ గంటకు 27.5 సార్లు కంటైనర్లను ఎత్తి దించుతోంది. అంటే రెండు నిమిషాలకు కాస్త ఎక్కువలో ఒకటి. ఓడ వచ్చి వెళ్లడానికి సగటున 21.4 గంటలు పడుతోంది.

లెక్కలోకి రానివేంటి?

ఇదంతా ఓడ టైమ్. సరుకు టైమ్ వేరు. గేటు బయట లారీ ఎంతసేపు ఆగింది, కస్టమ్స్ క్లియరెన్స్‌కు ఎన్ని రోజులు పట్టింది, యార్డులో కంటైనర్ ఎన్నాళ్లు పడి ఉంది.. ఇవేవీ ఈ ర్యాంకులో కనిపించవు. ఓడ చకచకా వెళ్లిపోయినా, సరుకు దాన్ని అందుకోలేకపోతే రైతుకు, వ్యాపారికి ఒరిగేదేమీ లేదు.

సరుకు టైమ్‌ను కొలిస్తే ఏం జరుగుతుందో కూడా విశాఖే చూపించింది. ప్రపంచ బ్యాంకు 2023 లాజిస్టిక్స్ నివేదిక ప్రకారం, కంటైనర్ల ట్రాకింగ్ మొదలయ్యాక ఇక్కడ సరుకు నిలిచి ఉండే సమయం 2015లో 32.4 రోజుల నుంచి 2019 నాటికి 5.3 రోజులకు తగ్గింది.

ఇంకో లోటు కూడా ఉంది. ఈ సూచీ కంటైనర్ ఓడలకే పరిమితం. 2025 మార్చి 31న తెలంగాణ ప్రభుత్వం ఫిలిప్పీన్స్‌కు 12,500 టన్నుల బియ్యం పంపింది కాకినాడ నుంచి. అక్కడి యాంకరేజ్ పోర్టులో బియ్యం బస్తాలను బార్జీల్లో ఓడ దాకా తీసుకెళ్తారు. వాన పడితే లోడింగ్ ఆపాల్సిందే. ఆ ఆలస్యం ఈ ర్యాంకులకు అందదు.

కాకతీయుల కాలంలోనూ ఇదే ప్రశ్న

నిజానికి ఓరుగల్లుకు పోర్టుల వ్యవహారం కొత్తేమీ కాదు. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. తుపానులో చిక్కిన ఓడల సరుకును రాజులు లాగేసుకునే రోజులవి. అలా చేయబోమని, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటామని ఆ శాసనం వర్తకులకు మాటిచ్చింది. పోగొట్టుకునేది ఎంతో ముందే తెలిస్తే వర్తకుడు ధైర్యంగా వస్తాడన్నది అందులోని లాజిక్.

ఇప్పుడు పోయేది టైమ్. నాగ్‌పూర్-విజయవాడ కారిడార్ వరంగల్ మీదుగానే వెళ్తోంది. తెలంగాణకు డ్రై పోర్టు ప్రతిపాదన కూడా ఉంది. ఇవి ఎంతవరకు పనికొస్తాయో తేలాలంటే ఒక్క లెక్క చాలు. ఎనుమాములలో లోడైన బస్తా ఓడ ఎక్కడానికి ఎన్ని రోజులు పడుతోంది? పోర్టు ర్యాంకుతో పాటు ఈ నంబర్ కూడా బయటపెడితేనే ఇక్కడి మిర్చి వ్యాపారికి అసలు సంగతి అర్థమవుతుంది.