సముద్రం కూడా లోహమే!

అమెరికాలో ఏ బీచ్‌కి వెళ్ళినా పొద్దున్నే ఒక పెద్దమనిషి కనబడుతూ ఉంటాడు. చెవులకి హెడ్‌ఫోన్లు, చేతిలో పొడుగాటి కర్ర, కర్ర చివర పళ్ళెం లాంటి కాయిల్. పొడి ఇసుక మీద తిరుగుతున్నంతసేపూ ఆయన పని తేలికే. ఆయనే మోకాటి లోతు నీళ్ళలోకి దిగి, అలలు విరిగే చోట వెదకడం మొదలుపెడితే కథ మారిపోతుంది. అంతవరకూ బుద్ధిగా ఉన్న మెటల్ డిటెక్టర్ పూనకం వచ్చినట్టు అరవడం మొదలుపెడుతుంది.

"దానితో మనకేం పని?" అనకండి. బీచ్‌కి వెళ్ళినప్పుడు మనవాళ్ళ ఒంటి మీద ఉండే బంగారం సంగతి మీకు తెలియంది కాదు. అమెరికా చూడడానికి వచ్చిన అమ్మో, అత్తగారో నల్లపూసలు, మంగళసూత్రాలు, గాజులతోనే నీళ్ళలో దిగుతారు. "తీసి హోటల్ గదిలో పెట్టండి" అంటే వినరు. గొలుసు తెగడానికి ఒక్క అల చాలు. అది పోగానే మనలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి వచ్చే మొదటి ఆలోచన, "అమెజాన్‌లో ఒక మంచి డిటెక్టర్ ఆర్డర్ చేస్తే పోలా?" అని.

ఈ వ్యాసం ఆ ఆలోచన గురించే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎంత డబ్బు పోసి కొన్నా సరే, యంత్రంలోని ఫిల్టర్ని నమ్ముకుంటే అలల్లో పోయిన సన్నని గొలుసు దొరకడం చాలా కష్టం. తప్పు యంత్రానిది కాదు, మనం దాన్ని అడుగుతున్న ప్రశ్నది.

గార్ఫీల్డ్ గారి మంచం

1881 జులై 2న వాషింగ్టన్ రైల్వే స్టేషన్లో ప్రెసిడెంట్ జేమ్స్ గార్ఫీల్డ్ మీద కాల్పులు జరిగాయి. ఒంట్లో ఉండిపోయిన తూటా ఎక్కడుందో డాక్టర్లకి అంతుపట్టలేదు. అప్పుడు టెలిఫోన్ బెల్ ఉన్నాడే, ఆ అలెగ్జాండర్ గ్రాహం బెల్ ముందుకొచ్చి, ఇండక్షన్ బాలెన్స్ అనే పరికరం తయారుచేశాడు. ఇప్పటి మెటల్ డిటెక్టర్లకి అది ముత్తాత లాంటిది. పరీక్షల్లో చక్కగా పనిచేసింది. తీరా రోగి దగ్గరికి తీసుకెళితే ఎక్కడ పెట్టినా గరగరమంది. పరుపులో స్టీలు స్ప్రింగులున్నాయి మరి! పైగా తూటా కుడివైపే ఉందని నమ్మిన డాక్టర్ బ్లిస్ ఆ వైపే వెదకనిచ్చాడు. అది ఎడమవైపు ఉందని సెప్టెంబరు 19న గార్ఫీల్డ్ చనిపోయాక, శవపరీక్షలో తేలింది.

వెదుకుతున్న వస్తువూ లోహమే, అది ఉన్న మంచమూ లోహమే అయితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. డిటెక్టర్ దృష్టిలో సముద్రం కూడా అలాంటి స్ప్రింగుల మంచమే.

ఉప్పు చేసే గోల

డిటెక్టర్ పనిచేసే పద్ధతి మనం ఇంటర్మీడియట్ ఫిజిక్సులో చదువుకున్నదే. కాయిల్లో మారుతూ ఉండే కరెంటు చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ క్షేత్రం దగ్గర్లో ఉన్న లోహంలో సుడి కరెంట్లని పుట్టిస్తుంది. ఆ కరెంట్లు తిరిగి పంపే బలహీనమైన క్షేత్రాన్ని రెండో కాయిల్ పట్టుకుంటుంది. కాలిఫోర్నియాలో గెర్హార్డ్ ఫిషర్ 1937లో పేటెంట్ పొందిన యంత్రం నుంచి నేటి వాటి దాకా మూలసూత్రం ఇదే.

పొడి ఇసుకలో కరెంటు పారదు, కాబట్టి గొడవ లేదు. సముద్రపు నీటిలో పారుతుంది. రాగితో పోల్చుకుంటే ఉప్పునీటి వాహకత్వం సుమారు కోటో వంతు. "అంతేనా?" అనిపిస్తుంది. కాని ఉంగరం గోరంత, కాయిల్ చుట్టూ ఉన్న సముద్రం కొండంత. పైగా అది కదులుతూ ఉంటుంది. కాయిల్ ఒక క్షణం తడి ఇసుక మీద, మరు క్షణం మూడడుగుల నీటి అడుగున, ఆ తర్వాత నురగలో. సరిచేసిన సెట్టింగు ఒక అల వచ్చి వెళ్ళేలోగా పాతబడిపోతుంది.

ఇది చాలదన్నట్టు కొన్ని చోట్ల నల్ల ఇసుక. భీమిలి బీచ్‌లో నల్లటి చారలు చూసిన వాళ్ళకి కొత్తగా చెప్పక్కరలేదు. అమెరికాలో పసిఫిక్ తీరాన చాలాచోట్ల ఉంటుంది. అందులో ఉండే మాగ్నెటైట్ లాంటి ఖనిజాలు ఉప్పునీటిలా కరెంటుని పారించి కాదు, అయస్కాంత గుణంతో డిటెక్టర్ని తికమక పెడతాయి. ఒకే ఫ్రీక్వెన్సీతో పనిచేసే యంత్రంలో ఉప్పుని రద్దు చేస్తే నల్ల ఇసుక అరుస్తుంది, నల్ల ఇసుకని రద్దు చేస్తే ఉప్పు అరుస్తుంది.

దీనికి ఇంజినీర్లు కనిపెట్టిన ఉపాయం ముచ్చటైనది. ఫ్రీక్వెన్సీ పెరిగితే ఉప్పునీటి సంకేతం పెరుగుతుంది, నల్ల ఇసుకది పెద్దగా మారదు. రెండు ఫ్రీక్వెన్సీలు వాడితే రెండు సమీకరణాలు, రెండు తెలియని రాశులు. రెండింటినీ ఒకేసారి కొట్టిపారేయొచ్చు. ఫిషర్ వారి సీజెడ్ యంత్రాలు 5, 15 కిలోహెర్ట్జ్‌లతో ఈ పని చేశాయి. ఇప్పుడు పేరున్న కంపెనీలన్నీ ఎక్కువ ఫ్రీక్వెన్సీల యంత్రాలు అమ్ముతున్నాయి. ఇది నిజమైన ప్రగతే, కాదనను.

గొలుసు, ఉప్పు: కవల పిల్లలు

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. ఉంగరం మూసి ఉన్న వలయం. అందులో కరెంటు హాయిగా గుండ్రంగా తిరుగుతుంది, సంకేతం బలంగా వస్తుంది. గొలుసు అలా కాదు. అందులో వందల చిన్న చిన్న లింకులు, ఒకదాన్నొకటి అంతంతమాత్రంగా తాకుతూ ఉంటాయి. డిటెక్టర్‌కి అది ఒక గొలుసులా కాక, వందల అతిచిన్న వస్తువుల్లా కనిపిస్తుంది. బరువు నాలుగు తులాలున్నా సరే, లింకులు సన్ననివైతే వచ్చే సంకేతం కూడా సన్ననిదే.

ఆ సన్నని సంకేతం అచ్చం ఉప్పునీటి సంకేతంలా ఉంటుంది! పల్స్ ఇండక్షన్ యంత్రాల్లో ఈ సంగతి తేటగా కనిపిస్తుంది. అవి ఒక పల్స్ పంపి, ఆపి, కొన్ని మైక్రోసెకన్లు ఆగి, ఇంకా ఏమైనా మిగిలిందా అని వింటాయి. ఉప్పునీటిలో పుట్టిన కరెంట్లు ఆ కొద్ది మైక్రోసెకన్లలోనే చచ్చిపోతాయి కనుక ఉప్పు గోల ఉండదు. కాని సన్నని గొలుసులో పుట్టిన కరెంట్లు కూడా అంత త్వరగానూ చచ్చిపోతాయి. త్వరగా వింటే ఉప్పూ గొలుసూ రెండూ వినబడతాయి, ఆగి వింటే రెండూ వినబడవు. ఎక్కువ ఫ్రీక్వెన్సీల యంత్రం కూడా ఇంతే. ఉప్పుని తీసివెయ్యమంటే ఉప్పులా ఉన్నదాన్నల్లా తీసేస్తుంది.

మనకిది స్పామ్ ఫిల్టర్ సమస్యే. ఫిల్టర్ని బిగిస్తే చెత్త తగ్గుతుంది, దానితో పాటు కావలసిన ఉత్తరమూ పోతుంది. తేడా ఏమిటంటే, స్పామ్ ఫోల్డర్‌లోకి వెళ్ళి చూసుకోవచ్చు. డిటెక్టర్ పారేసిన సంకేతానికి ఫోల్డర్ లేదు.

కొత్త యంత్రాల తెర మీద వస్తువేదో చెప్పే అంకె వస్తుంది కదా అంటారు. పొడి నేల మీద దానికి కొంత విలువ ఉంది. అలల్లో అది గంతులేస్తుంది. స్థిరంగా ఉన్నా, కూల్‌డ్రింకు డబ్బాల అల్యూమినియం పుల్‌ట్యాబుకీ, బంగారపు ఉంగరానికీ వచ్చే అంకెలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. పుల్‌ట్యాబులు వద్దనుకుని వాటిని మూయించినవాడు ఉంగరాలనీ మూయించినట్టే. అందుకే అనుభవజ్ఞులు ఫిల్టర్లని వీలైనంత తగ్గించి, యంత్రాన్ని కొంత గోల చెయ్యనిచ్చి, ఆ గోలలో తేడాని చెవితో పట్టుకుంటారు. సంకేతం వచ్చిన ప్రతిచోటా తవ్వుతారు. ఇది తెర చూసి చేసే పని కాదు, చెవికి నేర్పించవలసిన పని.

మనకి ఒక ఊరట ఉంది. గొలుసు వినపడకపోయినా దానికున్న పుస్తెలు వినపడతాయి. చిన్నవైనా అవి అచ్చంగా రేకు బిళ్ళలు, కరెంటు తిరగడానికి చోటుంది. లాకెట్టూ అంతే.

తుఫాను చేసే మేలు

సంకేతం గుర్తుపట్టినా, వస్తువు అందే లోతులో ఉండాలి కదా. ఇసుకరేణువుల సాంద్రత 2.65, శుద్ధమైన బంగారానిది 19.3. అలలకి ఇసుక ఊగుతూ ఉంటే బంగారం దిగిపోతూ ఉంటుంది, గట్టి పొర తగిలేదాకా. చిన్న వస్తువు కాయిల్‌కి దూరమైన కొద్దీ సంకేతం దారుణంగా పడిపోతుంది. దూరం రెట్టింపయితే దాదాపు 64వ వంతు. కాబట్టి రెండింతల డబ్బు పెట్టి కొన్న యంత్రం రెండింతల లోతు చూడదు.

యంత్రం చెయ్యలేని ఈ పని తుఫాను చేస్తుంది. పైనున్న ఇసుకని కోసేసి, బరువైనవి బయటపెడుతుంది. 2020 నవంబరులో నివర్ తుఫాను తర్వాత మన ఉప్పాడ తీరంలో మత్స్యకారులు ఇసుకలో బంగారపు రవ్వలు ఏరుకున్నారని పత్రికల్లో చదివాం. ఏళ్ళ తరబడి సముద్రం మింగేసిన ఇళ్ళు, గుళ్ళలోదే ఆ బంగారమని ఊరివాళ్ళ నమ్మకం. వాళ్ళ దగ్గర డిటెక్టర్లు లేవు. సముద్రం ఎప్పుడు ఇస్తుందో తెలుసు, అంతే.

ఫ్లోరిడా ట్రెజర్ కోస్ట్ కథ కూడా అదే. 1715 జులై చివర్లో హరికేన్‌లో స్పానిష్ ఓడల దండు అక్కడ మునిగిపోయింది. తుఫానుల తర్వాత తీరానికి కొట్టుకొచ్చే నాణేల వెంటపడిన కిప్ వాగ్నర్, సైన్యం మిగులుగా అమ్మిన డిటెక్టర్ పట్టుకుని ఆ ఓడల జాడ తీశాడు. ఇప్పటికీ గాలివాన వెలిసిన మర్నాడు సెబాస్టియన్ దగ్గర జనం కనబడతారు.

మరి ఏం చెయ్యాలి?

గొలుసు పడిపోతే ముందుగా అక్కడే నిలబడండి. ఒడ్డు మీద రెండు వైపులా రెండు గుర్తులు చూసుకోండి, ఫోన్లో స్థలం, సమయం నమోదు చెయ్యండి. పదిమందీ కలిసి కాళ్ళతో కెలకవద్దు, ఇంకా లోతుకి దిగిపోతుంది. ఆ ఊళ్ళో అనుభవమున్న డిటెక్టరిస్టుని పిలవండి. ద రింగ్ ఫైండర్స్ అనే సంస్థ ఇలాంటివారి జాబితా నడుపుతోంది. ఆటుపోట్ల పట్టిక చూసి, నీరు బాగా వెనక్కి తగ్గే వేళ వెదికిస్తే మంచిది. అమావాస్య, పౌర్ణమిలకి నీరు ఎక్కువ తగ్గుతుంది. పూజగదిలోని పంచాంగం ఇలా కూడా పనికొస్తుంది!

మీరే దిగాలనుకుంటే రెండు మాటలు. మొదటిది చట్టం. కేప్ హాటరస్, అసటీగ్, కేప్ కాడ్, పాయింట్ రేయస్ లాంటి నేషనల్ పార్క్ సర్వీస్ తీరాల్లో డిటెక్టర్ వాడకం నిషేధం. మిగతా చోట్ల రాష్ట్రానికీ, ఊరికీ ఒక్కో రూలు. ముందు కనుక్కోండి. రెండోది ప్రాణం. అమెరికా తీరాల్లో రిప్ కరెంట్ల వల్ల ఏటా వందమందికి పైగా చనిపోతున్నారని లైఫ్‌సేవింగ్ అసోసియేషన్ అంచనా. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తల వంచుకుని, సముద్రానికి వీపు పెట్టి తవ్వుతున్న మనిషికి వచ్చే అల వినపడదు. ఒక్కరే వెళ్ళకండి.

మన వృత్తిలో గోల ఎక్కువైతే ఇంకో ఫిల్టర్ రాసేస్తాం. వద్దనుకున్నది కావలసినదానికి దగ్గర పోలికలో ఉన్నప్పుడు ఆ ఫిల్టర్ ఎవర్ని పారేస్తోందో ఒకసారి అడగాలి. అలల్లో దాని ఖరీదు అమ్మ గొలుసు. కొత్త డిటెక్టర్‌కి పెట్టే వందల డాలర్లకంటే, బీచ్‌కి బయలుదేరే ముందు పెట్టే అయిదు నిమిషాలే ఎక్కువ పని చేస్తాయి. గొలుసు తియ్యమని బతిమాలండి. వినకపోతే, కనీసం కొక్కెం గట్టిగా ఉందో లేదో చూడండి.