తలలోని నల్లచుక్కలు

పెద్దలు నేటికీ చాందా అని పిలిచే మన చంద్రపూరులో, బొగ్గు లారీల నడుమ మోటారు సైకిలు నడపక తప్పదు. తలకు దెబ్బ తగిలిందన్న కబురు మన ఇళ్ళకు కొత్త కాదు. ఆ మధ్య మాకు తెలిసినవారి అబ్బాయి బల్లార్‌పూరు రోడ్డుమీద పడినాడు. ఒక నిమిషం తెలివి తప్పి లేచినాడు. వెంటనే సి.టి. స్కాన్ తీయించినారు. అందులో ఏమీ లేదన్నారు. గండం గడిచినదని అందరమూ సంతోషించాము.

కాని పిల్లవాడు మునుపటి వలె లేడు. చెప్పినది మరచిపోయేవాడు, వెలుతురు ఓర్వలేకపోయేవాడు, ఊరకే విసుక్కునేవాడు. "స్కాన్‌లో ఏమీ లేదుగా! చదువు ఎగవేయడానికి వేషాలు" అని తండ్రి కసరినాడు. నిజం చెప్పవలెనంటే మేమూ ఆ మాటకు తల ఊపినాము. నెలన్నర తరువాత నాగపూరులో ఎం.ఆర్.ఐ. తీయిస్తే మెదడులో నాలుగైదు నల్లచుక్కలు కనబడినవి.

అయితే మొదటి స్కాన్ తప్పా? కాదు. హౌన్స్‌ఫీల్డ్ కనిపెట్టిన సి.టి. యంత్రం 1971లో లండనులో తొలి రోగి తలను చూపినది మొదలు, వెంటనే ఆపరేషను చేయవలసిన పెద్ద రక్తపు గడ్డలను నిమిషాలలో పట్టి ఎందరినో బ్రతికించినది. ఆవగింజంత రక్తస్రావం మాత్రం దాని కంటికి తరచు ఆనదు. రక్తంలో ఇనుము ఉన్నదని మనకు తెలిసినదే. నాళం చిట్లి బయటపడిన రక్తం ఆ ఇనుమును అక్కడే వదలుతుంది. ఎం.ఆర్.ఐ. అయస్కాంతం ముందు ఆ ఇనుము చుట్టూ కొద్దిపాటి కలత పుట్టి, అసలు మచ్చకంటె పెద్ద నల్లచుక్కగా కనబడుతుంది. ఈ కలతనే ఆధారం చేసుకొని చిత్రం తీసే పద్ధతిని 2004లో మార్క్ హాకే, ఆయన సహచరులు వివరించారు.

ఆ చుక్కలను చెరిపే మందు లేదు. చుక్కలు లేకపోయినా బాధ ఉండవచ్చును. దెబ్బ తగిలిన ప్రతివారికీ ఎం.ఆర్.ఐ. అక్కరలేదు, అది డాక్టరు నిర్ణయించవలసిన మాట. కాని పదేపదే వాంతి, పెరిగే తలనొప్పి, మత్తు, మూర్ఛ, కాలుచేతుల పట్టు తప్పుట—వీటిలో ఏది కనబడినా, స్కాన్ బాగున్నదని ఊరుకోక వెంటనే ఆసుపత్రికి పోవలెను. రక్తం పలుచబడే మందు వాడే పెద్దల విషయంలో మరీ జాగ్రత్త.

ఇప్పుడా తండ్రి సాయంత్రాలు పక్కన కూర్చుని కొడుకుకు పాఠం చదివి వినిపిస్తున్నాడు. ఆ ఓపికకు నల్లచుక్కల సాక్ష్యం కావలసివచ్చినందుకు మేము సిగ్గుపడుతున్నాము.