తాళాలు ఎందరి దగ్గర?

సొంత సర్వర్ ఉంటే చర్చ భద్రమనుకోవడం సగమే నిజం. 2014లో ఆర్కుట్, 2020లో యాహూ గ్రూప్స్ మూతపడి, ఒక్క సంస్థ నిర్ణయంతో అక్కడి బృందాలన్నీ చెదిరిపోయాయి. 1980లో మొదలైన చర్చాబృందాల వల యూజ్‌నెట్‌కు అలాంటి యజమాని లేడు. ఒకచోట రాసింది వేల సర్వర్లకు నకళ్లుగా పాకేది. తొంభైల్లో అమెరికా తెలుగువాళ్లు రోమన్ లిపిలో తెలుగు రాస్తూ వాదించుకున్నదీ అక్కడే. దాన్ని నీరసింపజేసిన వాటిలో స్పామ్ ఒకటి. 1994లో ఇద్దరు లాయర్లు గ్రీన్‌కార్డు లాటరీ ప్రకటనను వేలాది బృందాల్లో గుప్పించారు. చాలా బృందాల్లో ముందే అడ్డుకునే గడప లేదు.

అందుకే నేడు లెమ్మీ, మాస్టొడాన్ లాంటి, విడివిడి సర్వర్లు కలిసి నడిపే వేదికల్లో నోడ్ (అంటే సొంత సర్వర్) పెట్టేవారు డేటాబేస్ కంటే ముందు తేల్చుకోవలసినవి వేరే ఉన్నాయి. ఖాతా అడిగినవారందరికీ ఇవ్వాలా, ఆమోదించాకేనా? ఏ పొరుగు సర్వర్లతో పొత్తు, ఏవి వెలి? సెట్టింగుల పేజీలో టిక్కుల్లా కనిపించినా ఇవి రచ్చబండ కట్టుబాట్లు. ఇదీ పెత్తనమే కదా అంటారు. పెత్తనమే. కాకపోతే నచ్చనివారు వేరే నోడ్‌కు వెళ్లిపోవచ్చు. మాస్టొడాన్‌లోనైతే అనుచరులు వెంట వస్తారు, పాత రాతలు మాత్రం రావు. ఖర్చు, రాత్రింబవళ్ల కాపలా అన్న అభ్యంతరం ఇంతకంటే గట్టిది. ఒక్కరే నడిపే సర్వర్ ఆ మనిషి విసిగిన రోజున ఆర్కుట్ దారే పడుతుంది. అడ్మిన్ తాళాలు కనీసం ఇద్దరి దగ్గర, బ్యాకప్ మరో యంత్రంలో ఉన్నాకే తలుపులు తెరవాలి.