పక్కన కూర్చుంటేనే పని వస్తుంది

ఇంజనీరింగు పూర్తిచేసి ఇంటికి వచ్చిన కొడుకు, రెండు రోజులు బెంగళూరు వెళ్లి వస్తానంటే పల్లెలోని తండ్రి మొదట అడిగే మాట ఒకటే: "ఉద్యోగమిస్తారా?" ఇవ్వరు. అక్కడ ఇంటర్వ్యూ లేదు, జీతం మాట లేదు. తనలాగే కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవారిని కలిసి, వారు పని ఎలా చేస్తారో చూసి వస్తానంటాడు కొడుకు. "అన్నీ ఫోనులోనే వస్తున్నాయి కదా, చార్జీలు పెట్టుకుని పోవడం దేనికి?" అంటాడు తండ్రి. అప్పుచేసి ఫీజులు కట్టినవాడు ఆ ప్రశ్న వేయడంలో తప్పులేదు. అయితే దానికి గట్టి జవాబే ఉంది.

ఆ జవాబు పల్లెవాసులకు కొత్తదేమీ కాదు. తాపీ పని పుస్తకం చదివి ఎవరూ నేర్చుకోలేదు. మేస్త్రి వెంట ఊరూరా తిరిగి, మాలు కలిపి, తూకం పట్టి నేర్చుకున్నారు. పోచంపల్లి చీరల పేరు ఈనాడు దేశమంతటా వినిపిస్తుంది. నూలుకు ముందే ముడులు వేసి రంగులద్దే ఆ విద్య ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాలలో చీరాల వైపు నుంచి అక్కడికి చేరిందని చేనేత చరిత్ర చెబుతుంది. పని తెలిసినవారి దగ్గరకు పని కావలసినవారు నడిచి పోవడం వల్లే విద్య ఒక ప్రాంతం నుంచి మరో ప్రాంతానికి చేరింది.

సాఫ్ట్‌వేర్ కూడా చేతిపనే. ప్రోగ్రాం ఎలా రాయాలో పుస్తకం చెబుతుంది, వీడియో చూపిస్తుంది. కాని అందులో కనిపించేది పూర్తయిన ప్రోగ్రాం మాత్రమే. రాసినది పనిచేయకపోతే ఏంచేయాలన్నదే అసలు విద్య. అనుభవమున్నవాడు కంగారుపడడు. తెరమీద వచ్చిన తప్పు సందేశాన్ని నిదానంగా చదువుతాడు. తప్పు ఎక్కడుందో తెలియనప్పుడు ప్రోగ్రామును సగానికి విడదీసి, ఏ సగంలో ఉందో తేల్చుకుంటాడు. ఆ సగాన్ని మళ్లీ సగం చేస్తాడు. బావి మోటారు తీగ ఎక్కడ తెగిందో వెతికే ఎలక్ట్రీషియన్ చేసేదీ ఇదే. పక్కన కూర్చుని ఒక్కసారి చూసినవారికి ఇది జీవితాంతం గుర్తుంటుంది. ఒంటరిగా గదిలో కూర్చున్న కుర్రవాడు మాత్రం అదే తప్పు దగ్గర వారం రోజులు తలపట్టుకుని, తనకు తెలివి లేదని నిరాశపడతాడు. మన పల్లెల నుంచి చదువుకున్న పిల్లల్లో అనేకులకు జరుగుతున్న నష్టం ఇదే. పట్టా చేతికి వచ్చేనాటికి కూడా పనిచేసే ప్రోగ్రామరును దగ్గరగా చూసి ఎరుగనివారు వారిలో ఎందరో ఉన్నారు.

జర్మనీలో వడ్రంగులు, తాపీ పనివారు శిక్షణ ముగిశాక మూడేళ్ల ఒక రోజు దేశాటన చేసే ఆచారం శతాబ్దాలుగా ఉంది. ఆ కాలంలో సొంత ఊరికి 50 కిలోమీటర్ల దాపుకు రాకూడదు. ఒక మేస్త్రి దగ్గర కొంతకాలం పనిచేసి మరో ఊరు పోవాలి. నేటికీ కొద్దిమంది ఈ కట్టుబాటు పాటిస్తున్నారు. ఇదే బాటను సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చినవాడు అమెరికాకు చెందిన కోరీ హెయిన్స్. 2008 చివర్లో ఉద్యోగం పోయినప్పుడు ఆయన ఇంట్లో కూర్చోలేదు. తిండి పెట్టి, పడుకోవడానికి చోటిస్తే చాలు, మీ పక్కన కూర్చుని మీతో కలిసి ప్రోగ్రాం రాస్తానని తోటివారికి కబురుపెట్టి ఊరూరా తిరిగాడు. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో మెళకువ పట్టాడు, తనకు తెలిసింది వారికి చెప్పాడు.

ఆయనా మరికొందరు మిత్రులూ కలిసి 2009 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్ పట్టణంలో కొత్త పద్ధతి ఒకటి మొదలుపెట్టారు. ఇద్దరిద్దరు ఒక కంప్యూటర్ ముందు కూర్చుంటారు. 45 నిమిషాలు ఒకే లెక్కకు ప్రోగ్రాం రాస్తారు. గడువు కాగానే రాసినదంతా చెరిపేసి, జోడీ మార్చుకుని, అదే లెక్కను మళ్లీ మొదటినుంచి చేస్తారు. ఇలా రోజంతా సాగుతుంది. సాయంత్రానికి చేతిలో ప్రోగ్రాం మిగలదు, చేయి తిరిగిన అనుభవం మిగులుతుంది. ఈ పద్ధతి తర్వాత అనేక దేశాలకు పాకింది.

మన దేశానికి దగ్గరగా మరో ఉదాహరణ ఉంది. డెబియన్ అనేది 1993లో మొదలైన కంప్యూటర్ వ్యవస్థ. ప్రపంచమంతటా ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలు దాన్ని తయారుచేసి ఉచితంగా ఇస్తారు. పనంతా ఎవరి ఇంట్లో వారు కూర్చుని, తీగల మీదుగా చేసేదే. అయినా 2000 సంవత్సరంలో ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో తొలిసారి సమావేశమైన నాటి నుంచి ఏటా కలుస్తున్నారు. కొత్తగా సభ్యుడు కాదలచినవాడు పాత సభ్యుణ్ని ముఖాముఖి కలిసి, గుర్తింపు పత్రం చూపి, ధ్రువీకరణ పొందడం వారిలో చిరకాల ఆనవాయితీ. కరోనా వల్ల 2020, 2021 సంవత్సరాలలో సమావేశం కంప్యూటర్ల మీదనే జరిగింది. వీలు చిక్కగానే 2022లో మళ్లీ ప్రయాణం కట్టారు. దూరం నుంచి పనిచేయడంలో వారిని మించినవారు లేరు. వారికే ప్రయాణం తప్పనిసరి అనిపించడం గమనార్హం.

2023 సెప్టెంబరులో ఆ సమావేశం కొచ్చిలో జరిగింది. అసలు సభలకు ముందు వారం రోజులు అందరూ ఒకచోట కూర్చుని పనిచేశారు. ఖర్చు భరించలేనివారు దరఖాస్తు చేసుకుంటే తిండికి, బసకు, ప్రయాణానికి సాయం చేసే ఏర్పాటు కూడా ఆ సంస్థకు ఉంది. పైథాన్ భాషలో ప్రోగ్రాములు రాసేవారి దేశవ్యాప్త సమావేశం 2009లో బెంగళూరులో మొదలైంది. 2018లో హైదరాబాదులోనూ జరిగింది. ఇలాంటి అవకాశాల కబురు పల్లెకు చేరకపోవడమే విచారకరం.

పిల్లలు కూడా ఒక మాట గుర్తుంచుకోవాలి. ఫొటో దిగి, సంచీ, చొక్కా పుచ్చుకుని వచ్చేస్తే తండ్రి అనుమానమే నిజమవుతుంది. పోయేవారు తాము రాసిన ప్రోగ్రాం ఒకటి వెంట తీసుకుపోవాలి, చిన్నదైనా సరే. "ఇక్కడ నాకు తెగడం లేదు" అని చూపడానికి సిగ్గుపడకూడదు. ఉపన్యాసాలు ముగిశాక పదిమంది చేరి పనిచేసే గదిలో కూర్చోవాలి. వేలకు వేలు వసూలుచేసి ఉద్యోగం ఖాయమనేవారి జోలికి పోకూడదు. అసలైన మేస్త్రి పని చూపిస్తాడు, హామీలివ్వడు.

పెద్దలు చేయవలసిందీ ఉంది. మన జిల్లాలోని ఇంజనీరింగు కళాశాలలు ఏడాదికి ఒకసారైనా అధ్యాపకుణ్ని తోడిచ్చి పదిమంది విద్యార్థులను ఇలాంటి సమావేశాలకు పంపాలి. ఆడపిల్లలను పంపడానికి తల్లిదండ్రులు జంకకుండా ఉండాలంటే ఇదే దారి. అందరినీ పట్నం పంపడం సాధ్యం కాకపోతే పట్నాన్నే ఊరికి రప్పించవచ్చు. సంక్రాంతికో దసరాకో హైదరాబాదు, బెంగళూరు, అమెరికాల నుంచి ఊరి బిడ్డలు వస్తూనే ఉన్నారు. లాప్‌టాప్ సంచిలోనే ఉంటుంది. పండుగ మూడు రోజుల్లో ఒక్క పూట ఉన్నత పాఠశాల గదిలో కూర్చుని, నలుగురు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ప్రోగ్రాం రాసి చూపితే చాలు. ఊరి గుడికి చందా ఇచ్చేవారు ఊరి పిల్లలకు ఆ పాటి సమయం ఇవ్వలేరా?

కొడుకో కూతురో ప్రయాణమవుతానన్నప్పుడు "ఉద్యోగమిస్తారా?" అని తండ్రి అడగడం సహజమే. అడిగి, చార్జీలు చేతిలో పెట్టాలి. తిరిగి వచ్చాక ఇంకో ప్రశ్న కూడా వేయాలి: "ఎవరి పక్కన కూర్చున్నావు? ఏం చూసి వచ్చావు?" దానికి తడుముకోకుండా జవాబు వస్తే ఆ చార్జీలు దండుగ కానట్టే.